కొత్తగా చేరినోళ్లు మొదటి రోజే కోడ్ రాయాలంటే: వర్చువల్ మెషీన్ సెటప్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఒక జవాబులో, వెబ్ డెవలప్‌మెంట్ చేసేవాళ్లు లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ (లాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టుకుంటే మంచిదని ఒక మాట అన్నాను, దాని మీదే బోలెడు మెయిల్స్ వచ్చాయి, అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే రాస్తున్నా. ఒక్క సంగతి, మన పత్రికలో కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే వేస్తాం కాబట్టి పలికినట్టే రాశాను, మీరు మాత్రం ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో టైప్ చెయ్యండి.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది విజయవాడలో చిన్న వెబ్ కంపెనీ, అయిదుగురం ఉంటాం. ఒక తెలుగు న్యూస్ సైట్, రెండు షాపింగ్ సైట్లు చూస్తాం, అన్నీ పీహెచ్‌పీ భాషలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో. కొత్తగా ఎవరైనా చేరితే వాళ్ల లాప్‌టాప్ రెడీ చెయ్యడానికే రెండు మూడు రోజులు పోతున్నాయి. ఒకరి దగ్గర పీహెచ్‌పీ 7.4, ఇంకొకరి దగ్గర 8.2, నా దగ్గర పనిచేసింది వాళ్ల దగ్గర పనిచెయ్యదు, సర్వర్‌లోకి ఎక్కిస్తే ఎవరిదీ పనిచెయ్యదు. మీరు చెప్పారని, వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉబుంటు లినక్స్ వేశా గానీ దాన్ని సెటప్ చేసేసరికి మళ్లీ ఒక రోజు పట్టింది. అందరి మెషీన్లకీ ఇలాగే కూర్చోవాలా, లేక దానంతటదే అయ్యే దారేమైనా ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ. నువ్వు ఒక రోజంతా కూర్చుని చేసిన పని ఉంది చూడు, అది ఇప్పుడు నీ తలకాయలో మాత్రమే ఉంది, ఏ ప్యాకేజీ వేశావో, ఏ కాన్ఫిగ్ ఫైల్లో ఏ లైను మార్చావో నెల తిరిగేసరికి నీకే గుర్తుండదు. దాన్నంతా ఒక ఫైల్లో రాసి ప్రాజెక్టు కోడ్‌తో పాటే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రంతా దాచే చోట) పెట్టేస్తే, ఎవరొచ్చినా ఒక్క కమాండ్ కొట్టి టీ తాగి వచ్చేలోపు మెషీన్ రెడీ అవుతుంది. ఆ పని చేసిపెట్టేదే వేగ్రంట్. మిచెల్ హషిమోటో అనే కుర్రాడు 2010లో సొంతంగా మొదలుపెట్టాడు, 2012లో వెర్షన్ 1.0 వచ్చింది, అదే ఏడాది హషికార్ప్ కంపెనీ కూడా పుట్టింది. 2023లో లైసెన్స్ మార్చారు గానీ మీలాగా ఆఫీసులో సొంత డెవలప్‌మెంట్‌కి వాడుకోవడానికి ఏ అడ్డూ లేదు, డబ్బులూ కట్టక్కర్లేదు.

వేగ్రంట్ తనంతట తాను వర్చువల్ మెషీన్ కాదు, అది మేస్త్రీ లాంటిది. అసలు మెషీన్ వర్చువల్‌బాక్సే నడుపుతుంది, దానికి ఏం చెయ్యాలో వేగ్రంట్ చెప్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్లో వేగ్రంట్‌ఫైల్ అని ఒకటి ఉంటుంది, రూబీ భాషలో ఉంటుంది గానీ రూబీ రావాల్సిన పనేం లేదు, పది పదిహేను లైన్లే. ఏ బాక్స్ అంటే ఏ రెడీమేడ్ ఉబుంటు కావాలి, ర్యామ్ ఎంత, మెషీన్ లోపలి 80 పోర్టు, అంటే సైట్ వచ్చే ద్వారం, బయట ఏ పోర్టులో కనపడాలి, కమాండ్లన్నీ వరసగా రాసిన సెటప్ స్క్రిప్ట్ ఎక్కడుంది, ఈ నాలుగు చెప్తే చాలు. తర్వాత వేగ్రంట్ అప్ అని కొడితే బాక్స్ డౌన్‌లోడ్ చేసుకుని, మెషీన్ లేపి, నీ ప్రాజెక్టు ఫోల్డర్‌ని లోపల స్లాష్ వేగ్రంట్ అనే చోట తగిలించి, నీ స్క్రిప్ట్ నడుపుతుంది. 80ని 8080కి కలిపితే, విండోస్‌లో బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ 8080 కొట్టగానే సైట్ వస్తుంది. కోడ్ నువ్వు ఎప్పటిలాగే విండోస్‌లో నీ ఎడిటర్‌లోనే రాసుకుంటావు, నడిచేది మాత్రం లినక్స్‌లో.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు, కష్టమంతా ఆ స్క్రిప్ట్‌లోనే ఉంది కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం.

ముందు నీ లాప్‌టాప్ సంగతి వదిలేసి లైవ్ సర్వర్‌లోకి వెళ్లు, స్లాష్ ఈటీసీ స్లాష్ ఓఎస్-రిలీజ్ ఫైల్ తెరిచి అక్కడ ఏ ఉబుంటు ఉందో చూడు. ఉబుంటు 22.04తో పీహెచ్‌పీ 8.1 వస్తుంది, 24.04తో 8.3 వస్తుంది. లైవ్‌లో ఏదుందో అదే బాక్స్ తీసుకో, కొత్తది వచ్చింది కదా అని ఎగబడొద్దు. 22.04కి ఉబుంటు వాళ్ల సొంత బాక్సే ఉంది, 24.04 నుంచి వాళ్లు వేగ్రంట్ బాక్సులు ఇవ్వడం మానేశారు కాబట్టి బెంటో అనే పేరుతో ఉండేవి వాడుకో. బాక్స్ వెర్షన్ నంబర్ కూడా వేగ్రంట్‌ఫైల్లో రాసెయ్, లేకపోతే ఇవాళ నువ్వు దించుకున్నదీ ఆర్నెల్ల తర్వాత చేరినోళ్లు దించుకున్నదీ వేరువేరు అవుతాయి, మళ్లీ మొదటికొస్తుంది కథ.

స్క్రిప్ట్ మొదటి లైన్లోనే సెట్ మైనస్ ఈ అని పెట్టు. అది లేకపోతే మధ్యలో ఒక ప్యాకేజీ దిగకపోయినా స్క్రిప్ట్ దాని మానాన అది ముందుకెళ్లిపోతుంది, చివర్లో అంతా అయిపోయినట్టే కనపడుతుంది, సైట్ తెరిస్తే తెల్ల పేజీ. అది ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే ఆగుతుంది. రెండోది, ప్యాకేజీలు దించే యాప్ట్-గెట్ ఇన్‌స్టాల్ పక్కన మైనస్ వై తప్పనిసరి, అలాగే డెబియన్ ఫ్రంటెండ్ అనే వేరియబుల్‌ని (ఈ పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో) నాన్‌ఇంటరాక్టివ్ అని పెట్టాలి, ఎందుకంటే ఇన్‌స్టాల్ మధ్యలో ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి అక్కడ మనిషి ఉండడు, నువ్వేమో ఇంకా డౌన్‌లోడ్ అవుతోందిలే అనుకుని అరగంట చూస్తూ కూర్చుంటావు. తర్వాత వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్, మైఎస్‌క్యూఎల్ సర్వర్, పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, దాన్ని డేటాబేస్‌తో కలిపే పీహెచ్‌పీ-మైఎస్‌క్యూఎల్ వేసి, ఎన్జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌కి లింక్ ఇచ్చి, రీస్టార్ట్ చెయ్యాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. స్క్రిప్ట్ ఎన్నిసార్లు నడిపినా అదే ఫలితం రావాలి. మొదటిసారి అప్ కొట్టినప్పుడే వేగ్రంట్ దాన్ని నడుపుతుంది, తర్వాత మామూలు అప్‌లో నడపదు, స్క్రిప్ట్ మార్చినప్పుడు వేగ్రంట్ ప్రొవిజన్ అని మనమే కొట్టాలి. అప్పుడు ఫోల్డర్ ముందే ఉందని, డేటాబేస్ ముందే ఉందని గొడవ పెట్టకూడదు. అందుకే ఫోల్డర్ సృష్టించే ఎంకేడిర్‌కి మైనస్ పీ, లింక్ ఇచ్చే ఎల్ఎన్‌కి మైనస్ ఎస్ఎఫ్, క్రియేట్ డేటాబేస్ పక్కన ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టుకోవాలి. డేటా డంప్ (డేటాబేస్ మొత్తాన్ని నకలు తీసిన ఫైల్) దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్త కావాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఈ స్క్రిప్ట్ రాసింది నేనే, డంప్‌ని ప్రతిసారీ ఎక్కించేలా రాశాను. మైఎస్‌క్యూఎల్ డంప్ ఫైల్లో ప్రతి టేబుల్ ముందూ డ్రాప్ టేబుల్ ఇఫ్ ఎగ్జిస్ట్స్ అని మామూలుగానే ఉంటుంది, అంటే పాత టేబుల్ పీకేసి కొత్తది పెడుతుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి రెండ్రోజులు కూర్చుని టెస్ట్ ఆర్డర్లన్నీ చేత్తో ఎంటర్ చేసింది, కొత్త ప్యాకేజీ కోసమని ప్రొవిజన్ కొట్టింది, టేబుల్స్ తెరిచి చూస్తే ఒక్క ఆర్డరూ లేదు. ఆ అమ్మాయి మొహం ఇప్పటికీ గుర్తే నాకు, తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచి డంప్ ఎక్కించే ముందు ఒక టేబుల్ ఉందో లేదో చూసి, లేకపోతేనే ఎక్కించమని రాస్తాను. నువ్వూ అలాగే రాయి.

ఇక మీది తెలుగు న్యూస్ సైట్ అన్నావు కాబట్టి ఇంకోటి. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా ఏమీ చెప్పకపోతే డేటాబేస్‌ని లాటిన్1 అనే యూరప్ భాషల అక్షరాల పద్ధతిలో సృష్టిస్తుంది, దాంట్లో తెలుగు పెడితే ఎర్రర్ అయినా వస్తుంది, లేదా ప్రశ్నార్థకాలే మిగుల్తాయి. 8.0 నుంచి అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 దానంతటదే వస్తుంది. పాత యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది, ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లే కాబట్టి, కానీ కామెంట్లలో ఎవరైనా ఎమోజీ పెడితే దానికి 4 బైట్లు కావాలి, అక్కడ ఎర్రర్. వెర్షన్ ఏదైనా సరే, డేటాబేస్ సృష్టించే లైన్లోనే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాసేస్తే ఏ మెషీన్లో అయినా తెలుగు తెలుగులాగే ఉంటుంది.

లైవ్ సైట్ పాస్‌వర్డులు ఈ స్క్రిప్ట్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు, గిట్‌లో ఒకసారి ఎక్కితే పాత హిస్టరీలో అలాగే ఉండిపోతుంది. షాపింగ్ సైట్ల డంప్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉంటాయి కదా, వాటిని తప్పుడు నంబర్లతో మార్చిన డంపే టీమ్‌కి ఇవ్వు. ఎవరి లాప్‌టాపో బస్సులో పోతే అందులో వేలమంది ఇంటి అడ్రసులు ఉండకూడదు తమ్ముడూ.

చివరగా ఒక అలవాటు. ప్రతి శుక్రవారం సాయంత్రం టీమ్‌లో ఎవరో ఒకరు వేగ్రంట్ డెస్ట్రాయ్ కొట్టి మెషీన్ పూర్తిగా తీసేసి, మళ్లీ అప్ కొట్టి సైట్ వస్తుందో లేదో చూడాలి. కోడ్ పోదు, అది నీ విండోస్ ఫోల్డర్లో భద్రంగా ఉంటుంది, మెషీన్ లోపలి డేటాబేస్ మాత్రం పోతుంది, కావలసింది ముందే డంప్ తీసుకోండి. మధ్యలో ఎవరో లోపలికెళ్లి చేత్తో ఏదో ఇన్‌స్టాల్ చేసి స్క్రిప్ట్‌లో రాయడం మర్చిపోతే ఆ శుక్రవారమే బయటపడుతుంది, కొత్తవాళ్లు చేరిన సోమవారం కాదు.

ప్రశ్న: అక్కా, నేను కాకినాడలో ఇంటి నుంచే పనిచేస్తా. మా టీమ్ వాళ్లు ఇచ్చిన వేగ్రంట్ మెషీన్ బాగానే లేచింది కానీ సీఎస్ఎస్ ఫైల్లో రంగు మార్చి సేవ్ చేసి రిఫ్రెష్ కొడితే పాత రంగే వస్తోంది. కంట్రోల్ ఎఫ్5 కొట్టా, బ్రౌజర్ మార్చా, ఇన్‌కాగ్నిటోలో చూశా, అదే. ఒక్కోసారి ఫైల్ చివర సగం తెగిపోయి వస్తోంది. ఫైల్ మారగానే పేజీని తాజా చెయ్యాల్సిన ఎన్‌పీఎమ్ రన్ డెవ్ కమాండ్ నడిపితే అది కూడా మార్పుని పసిగట్టట్లేదు. పిచ్చెక్కుతోంది.

జవాబు: చెల్లీ, నీ తప్పేం లేదు, నీ బ్రౌజర్ తప్పూ లేదు. ఫైల్ సగం తెగిపోయి వస్తోంది అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో జబ్బు దొరికిపోయింది. ఎన్జిన్‌ఎక్స్‌కి సెండ్‌ఫైల్ అని ఒక సదుపాయం ఉంది, ఫైల్‌ని తను చదివి పంపకుండా నేరుగా లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌నే పంపెయ్యమంటుంది, మామూలు సర్వర్‌లో అది చాలా మంచిది, వేగం వస్తుంది. కానీ నీ కోడ్ ఉన్నది వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్లో, అంటే అసలు ఫైల్ విండోస్‌లో ఉంది, లోపలి లినక్స్‌కి అది అద్దంలో బొమ్మలా కనపడుతుందంతే. నువ్వు విండోస్‌లో మార్చిన సంగతి ఆ కెర్నెల్ కాష్‌కి, అంటే అది దాచుకున్న నకలుకి, తెలీదు, పాతదే పంపుతుంది. ఒక్కోసారి లోపలి విషయం కొత్తదీ, పొడవు మాత్రం పాతదీ తీసుకుంటుంది. నువ్వు రెండు లైన్లు ఎక్కువ రాస్తే చివరి రెండు లైన్లు అందుకే ఎగిరిపోతున్నాయి. ఇది వర్చువల్‌బాక్స్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్న బగ్గే, వేగ్రంట్ డాక్యుమెంటేషన్‌లో కూడా రాసి ఉంటుంది.

వేగ్రంట్ ఎస్ఎస్‌హెచ్ కొట్టి లోపలికెళ్లి, ఎన్జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో సెండ్‌ఫైల్ ఆన్ అని ఉన్న లైన్‌ని ఆఫ్ చేసి రీస్టార్ట్ చెయ్యి. ఎన్జిన్‌ఎక్స్ బదులు అపాచీ వెబ్ సర్వర్ అయితే ఎనేబుల్‌సెండ్‌ఫైల్ ఆఫ్. అయితే చేత్తో మార్చి ఊరుకోవద్దు, మీ టీమ్ స్క్రిప్ట్‌లోనే ఆ మార్పు పెట్టించు, లేకపోతే రేపు ఇంకొకళ్లు నీలాగే బ్రౌజర్లు మార్చుకుంటూ రెండ్రోజులు ఏడుస్తారు.

ఎన్‌పీఎమ్ సంగతి కూడా దీనికి చుట్టమే. ఫైల్ మారితే లినక్స్‌లో ఐనోటిఫై అనేది కబురు చెప్తుంది, విండోస్‌లో చేసిన మార్పుకి షేర్డ్ ఫోల్డర్ ఆ కబురు లోపలికి చేరవెయ్యదు. కాబట్టి కబురు కోసం ఎదురుచూడకుండా తనే పదేపదే వెళ్లి చూసుకొమ్మని చెప్పాలి, ఆ కమాండ్ వెనక వీట్ అనే టూల్ వాడుతుంటే సర్వర్ వాచ్ సెట్టింగ్‌లో యూజ్‌పోలింగ్ ట్రూ అని పెట్టు. సీపీయూ కాస్త ఎక్కువ తింటుంది, తప్పదు. ఇంకో చిక్కు ఏంటంటే వీట్ మామూలుగా లోకల్‌హోస్ట్‌లోనే వింటుంది, అంటే మెషీన్ లోపలికే, బయట నీ బ్రౌజర్‌కి దొరకదు. హోస్ట్ అనే ఆప్షన్ ఇచ్చి, వీట్ వాడే 5173 పోర్టుని కూడా వేగ్రంట్‌ఫైల్లో ఫార్వర్డ్ చేసి, వేగ్రంట్ రీలోడ్ కొట్టు. ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్‌లో సిమ్‌లింక్ (ఇంకో ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్ లాంటిది) ఎర్రర్ వస్తే నో-బిన్-లింక్స్ ఆప్షన్‌తో నడుపు, విండోస్ ఫోల్డర్లో సిమ్‌లింకులు సృష్టించడానికి మామూలు యూజర్‌కి అనుమతి ఉండదు, అదే కారణం.

ప్రశ్న: మేడమ్, నేను ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్ చెప్తాను. ల్యాబ్‌లో 30 సిస్టమ్స్, 4 జీబీ ర్యామ్‌వే. నెట్ ఉంది గానీ ముప్ఫై మందీ ఒకేసారి డౌన్‌లోడ్ పెడితే ఏదీ కదలదు. పిల్లలకి అసలైన లినక్స్ సర్వర్ మీద వెబ్ నేర్పాలని నా కోరిక. ఈ సిస్టమ్స్‌లో సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే మాస్టారూ, మీలాంటి వాళ్లు ఇది అడగడమే నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే మన పిల్లలు చాలామంది మొదటి ఉద్యోగంలో చేరేదాకా సర్వర్ నల్ల స్క్రీన్ చూడరు.

ముందు ఒక సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందేమో చూడండి. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి ఆన్ చెయ్యాలి, ఇంటెల్ వాటిల్లో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనీ, ఏఎండీ వాటిల్లో ఎస్‌వీఎమ్ మోడ్ అనీ ఉంటుంది. 30 సిస్టమ్స్‌కీ చెయ్యాలి, అది మాత్రం చేత్తో చెయ్యాల్సిన పనే, ఇద్దరు పిల్లల్ని తోడు తీసుకుంటే ఒక పూటలో అయిపోతుంది.

ర్యామ్ గురించి భయపడకండి. మనం లేపేది డెస్క్‌టాప్ లేని సర్వర్ ఉబుంటు, దానికి 1024 ఎంబీ ఇస్తే ఎన్జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ల్యాబ్ పనికి సరిపోతాయి. విండోస్‌లో క్రోమ్ ట్యాబులు పది తెరవకుండా చూసుకోండి చాలు.

డౌన్‌లోడ్‌కి ఇంకా తేలిక దారుంది. మీరు ఒక్క సిస్టమ్‌లో నెమ్మదిగా రాత్రిపూట బాక్స్ దించి, స్క్రిప్ట్ నడిపి, అన్నీ సరిగ్గా వచ్చాక వేగ్రంట్ ప్యాకేజ్ అని కొట్టండి, ఆ మెషీన్ అంతా కలిపి ఒక్క డాట్ బాక్స్ ఫైల్‌గా తయారవుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక్కో సిస్టమ్‌కి తీసుకెళ్లి వేగ్రంట్ బాక్స్ యాడ్ కమాండ్‌తో ఎక్కిస్తే నెట్ అవసరమే లేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. వర్చువల్‌బాక్స్, వేగ్రంట్ ఇన్‌స్టాలర్లు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. బాక్సులు మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్ ఫోల్డర్లో పడతాయి, ల్యాబ్ సిస్టమ్స్‌లో సీ ఎప్పుడూ నిండే ఉంటుంది కాబట్టి వేగ్రంట్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి డీ డ్రైవ్‌కి మళ్లించండి, వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో డీఫాల్ట్ మెషీన్ ఫోల్డర్ కూడా. విండోస్ యూజర్ పేరు తెలుగు అక్షరాల్లో పెట్టిన సిస్టమ్ ఏదైనా ఉంటే ఆ పేరుతో దారి సరిగ్గా దొరక్క చిక్కులొస్తాయి, ల్యాబ్ కోసం ఇంగ్లీషులో ఒక యూజర్ సృష్టించుకోండి.

పిల్లల్ని మాత్రం లోపల ఏం కావాలంటే అది చెయ్యనివ్వండి మాస్టారూ. ఎవరైనా ఈటీసీ ఫోల్డర్ మొత్తం చెరిపేసినా ఏం కాదు, డెస్ట్రాయ్ కొట్టి అప్ కొడితే కాసేపట్లో కొత్త మెషీన్. చెడగొట్టడానికి భయం లేనప్పుడే వాళ్లు నిజంగా నేర్చుకుంటారు. తయారైన మెషీన్ ఇచ్చి ఊరుకోకుండా, రెండో నెలలో స్క్రిప్ట్ వాళ్ల చేతే రాయించండి.

ప్రశ్న: డల్లాస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ అందరూ డాకర్ అంటున్నారు, మీరింకా వర్చువల్ మెషీన్ దగ్గరే ఉన్నారేంటి? నాది ఎం2 మ్యాక్.

జవాబు: డాకర్ అంటే యాప్‌ని దానికి కావలసినవాటితో కలిపి కంటెయినర్ అనే డబ్బాలో నడిపే సాఫ్ట్‌వేర్, దాని మీద నాకేం కోపం లేదండీ, రోజూ వాడతాను. మీ లైవ్ సైట్ కంటెయినర్లలో నడుస్తుంటే డెవలప్‌మెంట్ కూడా డాకర్‌లోనే చెయ్యండి, అందులో వేరే మాటే లేదు. కానీ పైన రాసిన తమ్ముడి లాంటి వాళ్ల సైట్లు నడిచేది నెలవారీ అద్దెకి తీసుకున్న ఒక మామూలు ఉబుంటు సర్వర్ మీద, అక్కడ వేళకి పనులు నడిపే క్రాన్ ఉంటుంది, సర్వీసుల్ని చూసుకునే సిస్టమ్‌డీ ఉంటుంది, ఫైర్‌వాల్ ఉంటుంది. వాటన్నిటితో కలిపి లాప్‌టాప్‌లో పరీక్షించాలంటే పూర్తి మెషీనే కావాలి. పైగా ఆ సెటప్ స్క్రిప్ట్‌నే పాస్‌వర్డులు, దారులు మార్చుకుని కొత్త సర్వర్ తీసుకున్నప్పుడు అక్కడ కూడా నడుపుకోవచ్చు. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ డాకర్ కింద నడిచేది ఒక లినక్స్ వర్చువల్ మెషీనే అన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

మీ ఎం2 సంగతికొస్తే, అందులో ఉన్నది ఆర్మ్ చిప్, మామూలు ఇంటెల్ బాక్సులు దాంట్లో లేవవు. వర్చువల్‌బాక్స్ 7.1 నుంచి ఆపిల్ చిప్ మ్యాక్‌ల మీద నడుస్తుంది, కానీ లోపల వేసే ఉబుంటు కూడా ఆర్మ్‌దే అయ్యుండాలి, కాబట్టి బాక్స్ వెతికేటప్పుడు ఆర్మ్64 అని ఉందో లేదో చూసి దించుకోండి. వేగ్రంట్‌ఫైల్లో ప్రైవేట్ నెట్‌వర్క్ ఐపీ (మీ మ్యాక్ నుంచి లోపలి మెషీన్‌ని చేరే అడ్రసు) ఇస్తుంటే 192.168.56.10 లాంటిదే ఇవ్వండి. పాత పాఠాల్లో 192.168.33.10 అని కనపడుతుంది, వర్చువల్‌బాక్స్ 6.1.28 నుంచి మ్యాక్, లినక్స్‌ల మీద అది ఒప్పుకోదు, మెషీన్ లేవకముందే ఎర్రర్ ఇస్తుంది.